పాత అగ్నిమాపక లారీలో ఆల్ప్స్ ఘాట్ రోడ్లు: 19 రోజుల ప్రయాణం, ఒక చక్రం నుంచి వచ్చిన వాసన

ఎర్రలారీ_ఇల్లాలు (ష్టుట్‌గార్ట్)
11 ఆగస్టు 2024, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. పాత లారీ కొని ఇల్లుగా మార్చుకోవచ్చునా అని పోయిన సంవత్సరం నేను ఇక్కడ అడిగినప్పుడు సగం మంది వద్దన్నారు, మిగిలిన సగం మంది నవ్వారు. ఇద్దరి మాటా వినకుండా కొన్నాము. పద్నాలుగు నెలల వడ్రంగం తరువాత, జూలైలో మొదటిసారి పెద్ద ప్రయాణానికి తీసుకువెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చాము. చూసినవి చెప్పాలని ఉంది, వాటితో పాటు ఒక సందేహం కూడా తీర్చుకోవలసి ఉంది.

బండి 1984 నాటి మెర్సిడెస్ 608 డి. ఒక చిన్న ఊరి అగ్నిమాపక దళంలో సామాన్లు మోసే లారీగా ముప్పై ఏళ్ళకు పైగా ఉండి, 38,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగింది. 3.8 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, 85 అశ్వశక్తి. వెనుక పెట్టెలో అడ్డంగా ఒక మంచం, ఇద్దరు కూర్చునే బల్ల, వంటగట్టు, అలమరలు మేమే కట్టుకున్నాము. కూర్చోవడానికి, పడుకోవడానికి, వండుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి స్థిరమైన ఏర్పాటు ఉంటేనే తనిఖీ అధికారి దానిని నివాస వాహనంగా ఒప్పుకుంటాడు. మా అధికారి అన్నీ కొలిచి చూసి, చివరకు ముందు బంపరుకు కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ వాహనంలో భాగమా అని అడిగాడు. కాదని మావారు, అవునని నేను ఒకేసారి చెప్పాము.

ష్టుట్‌గార్ట్ నుంచి ఫ్యూస్సెన్, ఫెర్న్ కనుమ, ఇన్స్‌బ్రుక్ మీదుగా త్సెల్ అమ్ జే చేరడానికే మాకు నాలుగు రోజులు పట్టింది. ఆస్ట్రియాలో 3.5 టన్నులు దాటిన బండి మోటారు రహదారి ఎక్కాలంటే కారులాగా అద్దానికి స్టిక్కరు అంటిస్తే చాలదు, కిలోమీటర్ల లెక్కన రుసుము కట్టించుకునే గో బాక్స్ అనే పెట్టె బిగించుకోవాలి. ఆ పెట్టె తీసుకోకుండా పాత రోడ్ల మీదనే పోవాలని నిర్ణయించుకున్నాము. ఆ నిర్ణయమే మాకు ఊళ్ళను చూపించింది. ఎండుగడ్డి చెక్క కంచెల మీద ఆరేసిన పొలాలు, కిటికీల్లో ఎర్ర జెరేనియం కుండీలు, పాడి మందల కోసం రోడ్డు మీద పది నిమిషాలు ఆగడం, ఇవేవీ మోటారు రహదారి మీద దొరకవు.

ఐదవ రోజు గ్రోస్‌గ్లాక్నర్ ఎత్తైన దారి ఎక్కాము. 1935 ఆగస్టులో ప్రారంభించిన ఈ 48 కిలోమీటర్ల దారిని ఇంజనీరు ఫ్రాంజ్ వాలక్ రూపొందించాడు. దారిలో 36 పెద్ద మలుపులు ఉన్నాయి, వాలు కొన్నిచోట్ల నూటికి పన్నెండు. మా లారీ రెండవ గేరులో గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో ఎక్కింది. ఇంజను వేడి చూపే ముల్లు 95 దాటబోతుంటే, జూలై ఎండలో క్యాబిన్ హీటరును పూర్తిగా తెరిచి, కిటికీలు దించి, చెమటలు కక్కుతూ పోయాము. ఇంజను వేడిని కొంత హీటరు లాగేసుకుంటుందని మావారికి ఎవరో చెప్పారట, అది నిజమే. ముల్లు వెనక్కి వచ్చింది.

పైన ఫ్రాంజ్ యోసెఫ్ శిఖర వేదిక ఎత్తు 2,369 మీటర్లు. ఎదురుగా 3,798 మీటర్ల గ్రోస్‌గ్లాక్నర్, దాని కింద పాస్టెర్జే హిమానీనదం. ఒకప్పటి మంచు అంచును చూపించే గుర్తుల నుంచి ఇప్పటి మంచు వరకు కిందికి దిగుతూ ఉంటే ఎంతకూ తరగని నడక. బూడిదరంగు రాళ్ళ గుట్టల మధ్య, దుమ్ము పట్టిన దుప్పటి ముడుచుకుని పడుకున్నట్టు ఉంది ఆ మంచు. నేను ఊహించుకున్న తెల్లదనం ఎక్కడా లేదు. అయినా చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఇక సందేహం. అక్కడి నుంచి హైలిగెన్‌బ్లుట్‌కు దిగుతున్నప్పుడు, సన్నటి గోపురం గల గుడి కనిపించే మలుపు దగ్గర, కాలిన గోనెపట్టా లాంటి వాసన వచ్చింది. వెంటనే ఆపాము. ఎడమ వైపు వెనుక జంట టైర్ల దగ్గర సన్నగా పొగ. నలభై నిమిషాలు ఆగి, చల్లబడిన తరువాత రెండవ గేరులో మెల్లగా దిగాము. మళ్ళీ వాసన రాలేదు. బయలుదేరే ముందు ఒక వర్క్‌షాపులో నాలుగు చక్రాలకూ కొత్త బ్రేకు లైనర్లు (డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) వేయించాము. తిరిగి వచ్చాక వారిని అడిగితే "మీరు బ్రేకు ఎక్కువగా తొక్కి ఉంటారు" అని ఒక్క మాటలో తేల్చేశారు. అంతేనా?

మ్యూనిక్_మాస్టారు
12 ఆగస్టు 2024, ఉదయం 7.15

అమ్మా, చాలా బాగా రాశారు. వర్క్‌షాపు వారి మాటను ఒకసారి లెక్కలో పెట్టి చూద్దాము. మీ బండి నిండు బరువు ఎంతో రాయలేదు కనుక 5,400 కిలోలు అనుకుంటున్నాను. 2,369 మీటర్ల నుంచి 1,288 మీటర్ల హైలిగెన్‌బ్లుట్‌కు దిగినప్పుడు ఎత్తులో తేడా 1,081 మీటర్లు. బరువును, గురుత్వాన్ని, ఎత్తును గుణిస్తే సుమారు 57 మెగాజౌళ్ళు వస్తుంది. మన ఇంటి కరెంటు మీటరు భాషలో అది దాదాపు 16 యూనిట్లు. ఇంకో రకంగా చెప్పాలంటే, 20 డిగ్రీల చన్నీటిని 170 లీటర్లు మరిగించగల వేడి అది. కొండ ఎక్కేటప్పుడు మీ ఇంజను డీజిలు కాల్చి బండిలో దాచిపెట్టిన శక్తి అంతా దిగేటప్పుడు ఏదో ఒక చోట వేడిగా బయటపడవలసిందే. గాలి కొంత తీసుకుంటుంది, టైర్లు కొంత, తక్కువ గేరులో ఉంటే ఇంజను చాలా భాగం తీసుకుంటుంది. మిగిలినదంతా నాలుగు ఇనుప డ్రమ్ముల నెత్తిన పడుతుంది. లైనరు ఒక హద్దు దాటి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు, అందువల్ల ఇంకా వేడెక్కుతుంది. కనుక ఏ గేరులో దిగారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దయచేసి ఆ సంగతి రాయండి.

కొండగాలి_మిలానో
12 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1.05

గ్రోస్‌గ్లాక్నర్ దిగడానికే ఇంత చర్చ అయితే ఇటలీలోని స్టెల్వియో కనుమ సంగతి ఏమిటి? మీ దారి అటు వైపే పోతుంది కదా. నేను ఆరు మీటర్ల వ్యానులో ప్రాడ్ వైపు నుంచి 48 మలుపులూ ఎక్కాను, ఏమీ కాలేదు. 2,757 మీటర్ల ఎత్తున నిలబడి కిందికి చూస్తే, గోడ మీద ఎవరో దారపు ఉండ విప్పి పడేసినట్టు కనిపించే ఆ రోడ్డును చూడకుండా ఆల్ప్స్ చూశామని చెప్పుకోవడం నాకు సరిగా అనిపించదు. 1820లో మొదలుపెట్టి ఐదేళ్ళలో, యంత్రాలు లేని రోజుల్లో, కార్లో డోనెగాని అంత దారి వేయించాడు. గుర్రపు బండ్ల కోసం వేసిన మలుపుల్లో లారీ తిరగకపోతే తప్పు లారీది కాదు, డ్రైవరుది.

ఆటోనగర్_మేస్త్రి (విజయవాడ)
12 ఆగస్టు 2024, రాత్రి 8.30

అమ్మాయీ, నలభై ఏళ్ళు లారీలకు బాడీలు కట్టిన చేతులతో ఇది రాస్తున్నాను. మా నాన్నగారి మొదటి లారీ ముక్కు మీద మూడు కాళ్ళ నక్షత్రం ఉండేది. టాటా వారూ మెర్సిడెస్ వారూ 1954 నుంచి 1969 వరకు కలిసి బండ్లు చేసిన కాలం నాటిది అది. మీ బండి మాకు పిన్ని కూతురు వరుస అవుతుంది, కాబట్టి కాస్త చనువుగా మాట్లాడుతాను.

మాస్టారుగారి లెక్క తప్పు కాదు. అయితే 57 మెగాజౌళ్ళు నాలుగు చక్రాలకూ పంచుకోవాలి కదా. వేడి ఎక్కువైనందువల్ల మాత్రమే వాసన వస్తే నాలుగింటి నుంచీ రావాలి, కనీసం వెనుక రెండింటి నుంచీ రావాలి. ఎడమ వెనుక చక్రం ఒక్కటే పొగ వదిలిందంటే ఆ చక్రానికి ప్రత్యేకమైన జబ్బు ఏదో ఉంది. డ్రైవరు కాలు తీసినా ఆ ఒక్క డ్రమ్ములో లైనరు వెనక్కి రావడం లేదు. ఎన్నో ఏళ్ళు షెడ్డులో నిలబడి, ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగిన బండికి వచ్చే జబ్బు ఇది. చక్రం దగ్గర ఉండే చిన్న సిలిండరులో తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. లేదంటే హ్యాండ్ బ్రేకు తీగ ఒక వైపు బిగుసుకుపోతుంది. కొత్త లైనర్లు వేసినవాడు పాత సిలిండరును విప్పి చూడకపోతే కొత్త లైనరు దండగ.

ఈ పరీక్ష చేయండి. చదునైన రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా నడిపి, ఆపి, వెంటనే నాలుగు చక్రాల మధ్య భాగం దగ్గర అరచేతి వెనుక భాగాన్ని తాకించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రం పొయ్యి దగ్గర పెట్టినట్టు ఉంటే దొంగ దొరికినట్టే. చక్రం లేపి చేత్తో తిప్పితే ఇంకా తేలికగా తెలుస్తుంది.

ఇంకొక రెండు మాటలు. పొగ వచ్చినప్పుడు మీరు నీళ్ళు పోయకపోవడం మంచిదయింది. కాలుతున్న డ్రమ్ము మీద చన్నీళ్ళు పడితే అది పగలవచ్చు. వేడి మీద ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు కూడా లాగకూడదు, లైనరు డ్రమ్ముకు కరుచుకుంటుంది. గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మలు వేసి వదిలేయాలి. ఇక గేరు సంగతి శ్రీశైలం ఘాట్‌లో క్లీనరు కుర్రాడికి కూడా తెలుసు: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. డీజిలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో దించిన వాళ్ళ బండ్లకు మళ్ళీ బాడీలు కట్టినవాడిని నేను.

ఎర్రలారీ_డ్రైవరు (ష్టుట్‌గార్ట్)
13 ఆగస్టు 2024, రాత్రి 10.20

మా ఆవిడ రాసినదానిలో ఒక విషయం నా గౌరవం కాపాడటానికి వదిలేసినట్టుంది, నేనే చెబుతాను. ఎక్కినది రెండవ గేరులో, దిగినది మొదట్లో మూడులో. ఆ తరువాత నాలుగులో వేశాను. వెనుక పదిహేను ఇరవై మోటారు సైకిళ్ళు వరుసగా చేరాయి. ఆదివారం నాడు వాళ్ళ దారికి అడ్డం పడ్డానన్న సిగ్గుతో వేగం పెంచి, బ్రేకు మీద కాలు పెట్టి దిగాను. పక్కకు ఆగడానికి మూడు చోట్లు వచ్చాయి, మూడూ వదిలేశాను. నాలుగవ చోటికి వచ్చేసరికి వాసన వచ్చింది. మా బండికి ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఏర్పాటు) లేదు. కనుక మాస్టారుగారి మాటా నిజమే, నా తప్పు ఉంది. అయితే మేస్త్రిగారు చెప్పినట్టు ఒక్క చక్రమే ఎందుకు అన్నది నేను ఆలోచించలేదు. ఈ శనివారం పరీక్ష చేసి రాస్తాను.

బరువు విషయం. బయలుదేరే ముందు కాటా వేయించాము, 5,380 కిలోలు వచ్చింది. మేము అనుకున్నదానికంటే 400 కిలోలు ఎక్కువ. బర్చ్ ప్లైవుడ్ ఎంత బరువో కొనేటప్పుడు తెలియలేదు. 150 లీటర్ల నీటి తొట్టి నిండితే 150 కిలోలు. ఇరవై కిలోల బియ్యం, రుబ్బురోలు వద్దని బతిమాలితే దాని బదులు వచ్చిన మిక్సీ, దానికోసం ఇన్వర్టరు, పదకొండు కిలోల ఊరగాయ జాడీలు. జాడీలతో సహా అని కాటా చీటీ మీద పెన్నుతో రాసి దాచుకున్నాను.

ఎర్రలారీ_ఇల్లాలు
13 ఆగస్టు 2024, రాత్రి 11.05

ఆ జాడీలు వెళ్ళేటప్పుడు పదకొండు కిలోలు, వచ్చేటప్పుడు నాలుగు. తిన్నది ఎవరో ఆయన రాయలేదు.

మిలానో వారి ప్రశ్నకు జవాబు. స్టెల్వియో చూశాము, లారీలో కాదు. వాసన వచ్చిన తరువాత మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఏ కనుమ అయినా ఎక్కగలమా అని కాదు, దిగగలమా అని ముందు చూసుకోవాలి. ఆ లెక్కన లీంజ్, కోర్టినా మీదుగా ఫాల్జారెగో, పోర్డోయి కనుమలు ఎక్కి దిగాము, ప్రతిచోటా రెండవ గేరులోనే. అరబ్బా నుంచి పోర్డోయికి 33 మలుపులు. ప్రతి మలుపుకూ దాని సంఖ్య రాసిన పలక ఉంటుంది కాబట్టి లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నా పని.

పోర్డోయి పైన, 2,239 మీటర్ల దగ్గర, మధ్యాహ్నం వంట చేశాను. ఆ ఎత్తులో నీరు సుమారు 92 డిగ్రీలకే మరుగుతుంది కనుక గిన్నెలో వండిన కందిపప్పు గంట గడిచినా పలుకు వదలలేదు. మళ్ళీ కుక్కరులో వేశాను. మూడవ కూతకు పక్కన ఆగిన డచ్చి దంపతులు పరుగెత్తుకు వచ్చి, గ్యాసు కారుతోందా అని తలుపు తట్టారు. లోపలికి పిలిచి పప్పు, ఆవకాయ, నెయ్యి పెట్టాము. ఆయన ఆవకాయ ముక్కను కూర ముక్క అనుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన ముఖం, సాయంత్రం ఎండ పడినప్పుడు ఎదురుగా ఉన్న సెల్లా రాతి గోడలు, రెండూ ఒకే రంగులో ఉన్నాయి. డాలమైట్ కొండలు పొద్దు వాలేటప్పుడు అలా గులాబీ రంగులోకి తిరగడానికి అక్కడి లదీన్ భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, ఎన్‌రోసదీరా.

బోల్జానో, మెరానో దాటి ఆపిల్ తోటల మధ్య నుంచి ప్రాడ్ చేరి, లారీని కింద ఒక క్యాంపింగ్ స్థలంలో పెట్టి, స్టెల్వియోకు లైను బస్సు ఎక్కాము. బస్సు డ్రైవరు ప్రతి మలుపు ముందు హారను కొట్టి, రోడ్డు మొత్తం తీసుకుని తిప్పుతుంటే తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు గుర్తుకు వచ్చింది. పైన సాసేజి దుకాణాలు, మోటారు సైకిళ్ళు, అంగడి సందడి. అందంగా లేదని అనను, పోర్డోయి అంత ప్రశాంతంగా మాత్రం లేదు. బస్సు కిటికీలో నుంచి చూడటం వల్ల మావారు కూడా మొదటిసారి లోయ వైపు చూశారు. డ్రైవరు సీటులో ఉన్నంతకాలం ఆయన చూసినది తారు రోడ్డు మాత్రమే.

తిరుగు దారి రెషెన్ కనుమ మీదుగా. చెరువు మధ్యలో నీటిలోనుంచి లేచిన గుడి గంట గోపురం ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. 1950లో విద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట వల్ల గ్రౌన్ అనే ఊరు మునిగిపోయింది, పద్నాలుగవ శతాబ్దపు గోపురం ఒక్కటే మిగిలింది. ఒడ్డున అందరూ నవ్వుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. మా అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే పెద్దవాళ్ళు ఎలా వెళ్ళి చూసి వచ్చేవారో తెలిసినదాన్ని కనుక నేను ఫోటో తీయలేదు.

మొత్తం 1,380 కిలోమీటర్లు, 214 లీటర్ల డీజిలు.

జూరిక్_చెల్లెలు
14 ఆగస్టు 2024, ఉదయం 8.50

అక్కా, మీరు రెషెన్ నుంచి మా వైపు తిరగలేదు కనుక ఈ సంగతి మీకు అవసరపడి ఉండదు. తరువాత వచ్చేవారికోసం రాస్తున్నాను. స్విట్జర్లాండులో 3.5 టన్నుల లోపు బండ్లకు ఏడాదికి 40 ఫ్రాంకుల స్టిక్కరు. అది దాటిన నివాస వాహనాలకు స్టిక్కరు పనికిరాదు, భారీ వాహనాల రుసుము రోజుల లెక్కన కట్టాలి. రోజుకు 3.25 ఫ్రాంకులు, కనీసం 25 ఫ్రాంకులు. ఇది మోటారు రహదారులకే కాదు, అన్ని రోడ్లకూ వర్తిస్తుంది, కనుక పాత రోడ్ల మీద పోయి తప్పించుకుందామనుకుంటే కుదరదు.

రాత్రి బస గురించి మీరు ఏమీ రాయలేదు. దారి పక్కన ఎక్కడైనా పడుకోనిచ్చారా?

ఎర్రలారీ_డ్రైవరు
14 ఆగస్టు 2024, రాత్రి 9.10

దేశానికొక తీరు. జర్మనీలో నిషేధపు బోర్డు లేని చోట, మళ్ళీ బండి నడపగలిగేంత విశ్రాంతి కోసం ఒక రాత్రి ఆగి పడుకోవచ్చు, బయట కుర్చీలు పరిస్తే మాత్రం ఒప్పుకోరు. ఆస్ట్రియాలోని టిరోల్‌లో క్యాంపింగ్ స్థలాల బయట బస చేయడాన్ని చట్టమే నిషేధించింది, జరిమానాలు వేస్తారు, మేము సాహసించలేదు. గ్రోస్‌గ్లాక్నర్ దారి మీద కూడా రాత్రి బస నిషిద్ధం. ఇటలీ రహదారి చట్టంలో 185వ అధికరణం చక్కగా ఉంది. బండి చక్రాల మీద మాత్రమే నిలబడి, తన కొలతకు మించి చోటు ఆక్రమించకుండా, మురుగు నీరు వదలకుండా ఉంటే అది బస కాదు, పార్కింగే. బండి వాలుగా ఉందని కింద జాకీలు దించామా, అది బస అవుతుంది. అందుకే కొన్ని రాత్రులు తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి పడుకున్నాము.

మొదటిసారి వెళ్ళేవారు మోసపోయేది ఇంకొక చోట. మా బండి పత్రాల్లో నివాస వాహనం. దానివల్ల జర్మనీలో లారీలకు వేసే రహదారి సుంకం మాకు లేదు. ముప్పై ఏళ్ళు దాటినందువల్ల చారిత్రక వాహనపు నంబరు పలక దొరికింది, నగరాల పర్యావరణ మండలాల్లోకి స్టిక్కరు లేకుండా పోవచ్చు, పన్ను ఏడాదికి 191 యూరోల చిల్లర. ఇవన్నీ చూసి మాది లారీ కాదని మురిసిపోయాము. కానీ లారీలు రాకూడదని చెప్పే, ఎర్ర వలయంలో లారీ బొమ్మ ఉన్న బోర్డు 3.5 టన్నులు దాటిన నివాస వాహనానికి కూడా వర్తిస్తుంది, లారీలు దాటిపోరాదన్న బోర్డూ అంతే. పత్రాల్లో ఇల్లు, బోర్డు దగ్గర లారీ. జర్మనీలోని ఆల్గొయ్ ప్రాంతంలో ఒక పల్లె దారిలో అలాంటి బోర్డును పట్టించుకోకుండా వెళ్ళినందుకు పోలీసులకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

కొత్త_బాటసారి (హైదరాబాదు)
15 ఆగస్టు 2024, ఉదయం 11.30

అండీ, మేము దంపతులం వచ్చే వేసవిలో సందర్శకుల వీసాపై రావాలనుకుంటున్నాము. నా దగ్గర ఇక్కడి ఎల్‌ఎంవీ లైసెన్సు ఉంది, దానిలో 7,500 కిలోల వరకు నడపవచ్చు కదా. అక్కడ ఇలాంటి లారీ బాడుగకు తీసుకుని నడపవచ్చునా?

మ్యూనిక్_మాస్టారు
15 ఆగస్టు 2024, సాయంత్రం 6.45

బాబూ, మన చట్టంలో తేలికపాటి వాహనం అంటే 7,500 కిలోల వరకు అన్నది నిజమే. ఐరోపాలో మాత్రం కారు లైసెన్సు బి తరగతి 3,500 కిలోల దగ్గర ఆగిపోతుంది, ఆపైన 7,500 వరకు సి1 వేరుగా కావాలి. అంతర్జాతీయ అనుమతి పత్రంలో కూడా బి గడికి ఎదురుగా 3,500 అనే ఉంటుంది. కాబట్టి ఆ మన లెక్కను ఇక్కడికి తీసుకురావద్దు. 3.5 టన్నుల లోపు వ్యాను బాడుగకు తీసుకోండి. షెంగెన్ సందర్శకుల వీసాపై ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు, ఇటువంటి ప్రయాణానికి అది చాలు. స్థిరపడటానికి వచ్చినవారికి మన లైసెన్సు జర్మనీలో ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తరువాత రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ ఇవ్వాలి.

కొండగాలి_మిలానో
15 ఆగస్టు 2024, రాత్రి 8.00

కాటా చీటీ చూసిన తరువాత నా మాట కొంత సవరించుకుంటున్నాను. నా వ్యాను బరువు 2,900 కిలోలు. దాదాపు రెండింతల బరువుతో అదే వాలు దిగడం వేరే పని అని ఒప్పుకుంటాను. తప్పు డ్రైవరుది అన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. స్టెల్వియో మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. పొద్దున్న ఆరు గంటలకు వెళ్ళి ఉంటే సాసేజి దుకాణాలు ఉండవు.

ఎర్రలారీ_ఇల్లాలు
24 ఆగస్టు 2024, రాత్రి 9.30

మేస్త్రి బాబాయిగారూ, దొంగ దొరికాడు.

పోయిన శనివారం మీరు చెప్పినట్టే చదునైన రోడ్డు మీద నడిపి చూశాము. మూడు చక్రాల దగ్గర గోరువెచ్చగా ఉంది. ఎడమ వెనుక చక్రం దగ్గర చేయి పెట్టి రెండు అంకెలు కూడా లెక్కపెట్టలేకపోయాను. ఈ రోజు ఇంకొక వర్క్‌షాపులో, పాత లారీలు మాత్రమే చూసే ఒక ముసలి మెకానిక్ దగ్గర డ్రమ్ము విప్పించాము. చక్రపు సిలిండరులో ఒక వైపు పిస్టన్ తుప్పుతో బిగుసుకుని ఉంది. రబ్బరు మూత కింద గోధుమరంగు నీరు. జూన్‌లో వేసిన కొత్త లైనరు అద్దంలా నున్నగా మెరుస్తోంది, అంచున పగుళ్ళు. డ్రమ్ము లోపల నీలి మచ్చలు పడ్డాయి, కొలిచి చూసి ఇంకా వాడవచ్చునన్నాడు. సిలిండర్లు వెనుక రెండూ మార్పించాము, లైనర్లు రెండు వైపులా మళ్ళీ కొత్తవి, బ్రేకు నూనె మొత్తం కొత్తది. పాతదాన్ని సీసాలో పోసి చూపించాడు, కషాయంలా ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ మార్చినట్టు లేదట.

మొదటి వర్క్‌షాపు వారికి ఫోటోలు పంపాము. లైనర్లు మాత్రమే వేయమన్నారు, సిలిండర్లు చూడమని అనలేదు కదా అని జవాబు వచ్చింది. దానిమీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.

తుప్పు పట్టిన ఆ పాత సిలిండరును మావారు కడిగి, క్యాబిన్‌లో వినాయకుడి బొమ్మ పక్కన పెట్టారు. అర కిలో పైనే ఉంటుంది. దాన్ని కాటాలో ఎవరి ఖాతాలో వేయాలో మీరే చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రి (విజయవాడ)
25 ఆగస్టు 2024, ఉదయం 6.10

బాబు ఖాతాలో వేయమ్మా. ముందు రెండు సిలిండర్లు కూడా శీతాకాలం లోపల విప్పించి చూడండి, వాటి వయస్సూ అంతే కదా.